బారాలాచా కనుమను రెండుసార్లు ఎక్కితిమి

సైకిలు మన ప్రాంతములో పాలవానికి, పోస్టుమానుకు, బడికి పోవు పిల్లలకు తోడైన వాహనము. అది పల్లము చూచిన పరుగెత్తును. మిట్ట చూచిన దిగి నడిపింపుమనును. అట్టి సైకిళ్ళపై సంచులు కట్టుకొని, హిమాలయములను దాటి పోవలెనని మేమును మా మిత్రుడును 2017వ సంవత్సరము జూలై నెలలో బయలుదేరితిమి. మనాలి నుండి లడఖ్‌లోని లేహ్ పట్టణమునకు పోవు దారి అది. మా ఇంటిలోని పెద్దలు విని కోపపడలేదు, "ఆ ఊరికి బస్సు లేదా నాయనా?" అని మాత్రము అడిగిరి. బస్సు ఉన్నమాట నిజమే. బస్సులో పోయినచో రెండు దినములలో ముగియు ప్రయాణమది. మేము పది దినములని లెక్క వేసుకొంటిమి. పదునేడు దినములు పట్టెను. ఆ ఏడు దినములు ఎందుకు అధికముగా పట్టినవో చెప్పుటయే నేటి మా ప్రసంగము.

మా మిత్రుడు గోదావరి తీరమున ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు. కాలేజీ చదువునాటి నుండియు మాకు స్నేహము. మేమిద్దరము నలువది దాటినవారమే. ఈ ప్రయాణమునకై ఆరు నెలల ముందునుండి సెలవు దొరికినప్పుడెల్ల, శృంగవరపుకోట దగ్గర మొదలై అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు ఘాటు రోడ్డుపై సాధన చేసితిమి. ప్రతి పర్యాయము మేమే ముందు పైకి చేరెడివారము. టీ కొట్టు దగ్గర కూర్చుండి, ఒక టీ త్రాగి, రెండవది చెప్పునప్పటికి మా మిత్రుడు కాఫీ తోటల ప్రక్క మలుపులో అగుపడెడివాడు. ఆయాసము లేదు, తొందర లేదు. బండి దిగి, చెమట తుడుచుకొని, "ఎంతసేపయింది?" అనెడివాడు. "అరగంట" అని మేము గర్వముగా చెప్పెడివారము. ఆ అరగంటయే తరువాత మమ్ము చెరిచినది.

కొండలెక్కు సైకిలును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన ఊళ్ళలోని మామూలు సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగినచో, అయిదు మీటర్ల వరకు ముందుకు పోవును. చదునైన నేలపై అది మేలే. మా బండ్లకు గేర్లు ఉన్నవి. ముందటి పళ్ళచక్రములలో చిన్నదానికి 22 పళ్ళు, వెనుకటివానిలో పెద్దదానికి 34 పళ్ళు. గొలుసు ఆ రెంటిపై పడినప్పుడు పెడలు ఒక చుట్టునకు బండి మీటరున్నర కూడ కదలదు. కాలికి బరువు తగ్గును గాని, వేగము నడకతో సమానమగును. గుడారము, చలిదుస్తులు, వంటపాత్రలు, పనిముట్లు, మిగులు ట్యూబులు కలిపి ఒక్కొక్క బండిపై ఇరువది కిలోల సామాను కట్టితిమి.

నాడు ఆ దారి పొడవు దాదాపు 475 కిలోమీటర్లు. అయినను అచ్చట దూరముకన్న ఎత్తు ముఖ్యము. మనాలి సముద్రమట్టమునకు రెండువేల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నది. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. ఈ రెంటి నడుమ అయిదు కనుమలు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు, బారాలాచా దాదాపు 4,890, నకీ లా 4,700 పైచిలుకు, లాచుంగ్ లా అయిదువేలకు పైన, చివరిదైన తంగ్‌లంగ్ లా 5,300 పైచిలుకు. 'లా' అనగా అచ్చటి భాషలో కనుమయే. శీతకాలములో ఈ కనుమలు మంచుతో మూసుకొనును. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థవారు ప్రతి సంవత్సరము మంచు తొలగించి దారి తెరతురు. ఝార్ఖండ్, బీహారు రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు తారు పీపాల ప్రక్కన పొగలో నిలిచి రాళ్ళు పరచుచుండగా చూచితిమి. మేము ముచ్చటకై ఎక్కుచున్న దారిని వారు పొట్టకై వేయుచుండిరి. మమ్ము చూచి వారు చేతులూపినప్పుడెల్ల మాకు కొంత సిగ్గు కలిగెను.

మొదటి దినము మఢీ అను చోటికి, రెండవ దినము రోహ్‌తాంగ్ దాటి సిస్సు గ్రామమునకు చేరితిమి. కనుమపై మంచు కరిగి దారియెల్ల బురద. లారీల గాడిలో చక్రములు దిగబడగా బండ్లను త్రోసుకొని పోయితిమి. 2020 అక్టోబరు 3వ తేదీన ఆ కొండ క్రింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరువబడి, దారి 46 కిలోమీటర్లు తగ్గినది గనుక మోటారు బండ్లకు ఆ బాధ తీరినది.

కనుమ దాటగానే లోకమే మారెను. వెనుక కులూ లోయలో దేవదారు వనములు, వాన. ముందు లాహౌల్ లోయలో చెట్టు లేని కొండలు, తెల్లని ఎండ. వానమేఘములలో ఆ కొండగోడను దాటి వచ్చునవి బహు కొద్ది. చంద్రానది వెంట పోయి తాండీ చేరితిమి. అచ్చట చంద్ర, భాగ అను రెండు నదులు కలిసి చంద్రభాగ యగును. మనము పటములలో చీనాబు అని చదువునది అదియే. తాండీ పెట్రోలు బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరములో ఉన్నదని తెలుపు బోర్డు ఉండెను. మోటారు బండ్లవారు డబ్బాలు నింపుకొనుచుండిరి. మా మిత్రుడు ఆ బోర్డును చదివి, ప్రక్క కొట్టులో వేరుశనగపప్పు, బెల్లము కొని, "మన పెట్రోలు ఇది" అనెను.

మూడవ రాత్రి జిస్పాలో దిగితిమి. ఆ చోటు ఎత్తు 3,200 మీటర్లు. మా మిత్రుడు దీపము వెలుగున కాగితముపై లెక్క వేసి చూపెను.

"ఈ మూడు రాత్రులూ మూడువేల పైచిలుకులోనే పడుకున్నాం. రేపు జింగ్‌జింగ్‌బార్ పోతే నాలుగువేల రెండువందల డెబ్భై. ఒక్క రాత్రికి వెయ్యి మీటర్లు. వద్దురా. ఇక్కడ ఇంకో రాత్రి ఉందాం. ఎల్లుండి పట్సియో దగ్గర మూడువేల ఎనిమిదివందల్లో గుడారం వేద్దాం."

మేము ఒప్పుకొనలేదు. "రెండు రోజులు పోతాయి. ఆరు నెలలు అనంతగిరి ఎక్కినవాళ్ళం, ఇంత భయమా?" అంటిమి. మా మిత్రుడు కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. అతడు చెప్పినది వట్టి భయము కాదు. మూడువేల మీటర్లు దాటిన తరువాత, పడుకొను చోటి ఎత్తును దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదని కొండజబ్బును గూర్చి తెలిసిన వైద్యులు చెప్పుదురు.

దీనికి కారణము సులభముగనే గ్రహింపవచ్చును. గాలిలో ప్రాణవాయువు పాలు సముద్రతీరమునను, కొండపైనను నూటికి ఇరువదియొకటియే. కాని పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును. నాలుగువేల మూడువందల మీటర్ల ఎత్తున అది సముద్రతీరమున ఉన్నదానిలో అయిదింట మూడు వంతులు; తంగ్‌లంగ్ లాపై సగముకంటె కొంచెము ఎక్కువ. కావున ఒక్కొక్క ఊపిరితో అందు ప్రాణవాయువు తగ్గిపోవును. శరీరము దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వడిగా, లోతుగా తీయును. దినములు గడిచినకొలది రక్తములో ఎర్రకణములను పెంచుకొనును. ఈ పనికి కావలసినది కండబలము కాదు, వ్యవధి. అనంతగిరిపై సంపాదించిన బలము కాళ్ళకు సంబంధించినది. రక్తమునకు అది తెలియదు. పైగా బలముగలవాడు త్వరగా ఎక్కును గనుక, త్వరగా జబ్బుపడుటకును అవకాశము కలదు.

నాలుగవ రాత్రి జింగ్‌జింగ్‌బార్‌లో మాకు తలనొప్పి మొదలయ్యెను. కణతలలో సమ్మెటతో కొట్టినట్లుండెను. మా మిత్రుడు "ఎలా ఉంది?" అని అడుగగా "నాకేం, రాయిలా ఉన్నాను" అంటిమి. మరునాడు బారాలాచా ఎక్కితిమి. ఆరువందల మీటర్ల ఎక్కుడు. ఎప్పటివలెనే మేము ముందు, మా మిత్రుడు వెనుక. కనుమకు దిగువన దారి ప్రక్కనే సూరజ్ తాల్ అను సరస్సు కలదు. భాగానది అచ్చట పుట్టుచున్నది. దానిని చూచుటకే ఎందరో అంత దూరము పోవుదురు. మేము దాని ఒడ్డున పోయినమాట వాస్తవము. కాని ఆ సరస్సు ఏ రంగుగా నుండెనో ఆ దినము రాత్రియే మాకు జ్ఞప్తికి రాలేదు. ముందు చక్రము, దాని క్రింద కంకర, ఇంతే మేము చూచినది.

సర్చు చేరునప్పటికి సాయంకాలమయ్యెను. అది 4,290 మీటర్ల ఎత్తున ఉన్న విశాలమైన మైదానము, హిమాచలమునకు ఎల్ల. ఆవల లడఖ్, నాడు జమ్మూ కాశ్మీరు రాష్ట్రములోనిది, 2019 అక్టోబరు 31 నుండి కేంద్రపాలిత ప్రాంతము. ఒక నేపాలీ దంపతులు నడుపు డేరా హోటలులో దిగితిమి. అచ్చట నీరు దాదాపు 86 డిగ్రీలకే మరగును గనుక ప్రెషరు కుక్కరు లేనిదే పప్పు ఉడుకదు. ఆ ఇల్లాలు కుక్కరులో వండిన వేడి పప్పు, అన్నము పెట్టెను. మాకు ఒక ముద్దయు దిగలేదు. రాత్రి మూడుసార్లు వాంతి అయ్యెను. తుదకు త్రాగిన నీరును నిలువలేదు. డేరా గుడ్డ గాలికి కొట్టుకొనుచుండ, మా మిత్రుడు నిద్రమాని ప్రక్కన కూర్చుండెను.

తెల్లవారగానే అతడు డేరా ముందు నేలపై ఒక తాడు పరిచి, "దీని మీద మడమకి బొటనవేలు ఆనించి నడు" అనెను. కొండజబ్బు మెదడును పట్టినదో లేదో చూచు పరీక్ష అది. పట్టినచో మనిషి త్రాగినవానివలె తూలును. మేము తూలలేదు గాని, నాలుగు అడుగులకొకసారి ఆగవలసి వచ్చెను. అతడు తాడు చుట్టి, "ఈవేళ పైకి లేదు. కిందికి పోతాం" అనెను.

ఇచ్చట శ్రోతలు ఆ ప్రదేశపు చిక్కును గమనింపవలెను. సర్చు ఒక పళ్ళెమువంటిది. ఇరుప్రక్కల అంచులు ఎత్తు. ముందుకు పోయినచో నకీ లా, లాచుంగ్ లా. వెనుకకు పోయినచో దాటివచ్చిన బారాలాచాయే. అనగా క్రిందికి దిగవలెనన్నను ముందు పైకి ఎక్కవలెను. అది సైకిలుపై అసాధ్యము; లారీయే శరణ్యము. ముందుకు పోయిన లారీలు కూడ ఉన్నవి. కాని ముందు ప్రక్క చాల దూరము వరకు సర్చుకన్న చెప్పుకొనదగినంత పల్లమైన చోటు లేదు. వెనుకకు పోయినచో బారాలాచాను వేగముగా దాటి, ఆ సాయంకాలమునకే 3,080 మీటర్ల ఎత్తున ఉన్న కేలాంగ్‌లో పడుకొనవచ్చును.

ఇది లెక్క. మాకు లెక్క పట్టలేదు. ఎక్కివచ్చిన కొండను లారీలో పడుకొని దిగుటకన్న అవమానము లేదని తోచెను. ఆ కోపములో ఒక మాట అంటిమి. "ఎక్కలేకపోతున్నది నువ్వు. నా తలనొప్పి నీకు సాకు దొరికింది."

ఇరువది సంవత్సరముల స్నేహములో మేము అతనిని అట్లు అనియుండలేదు. జబ్బు అనిపించినదని చెప్పుకొనవచ్చును. చిరాకు కూడ ఆ జబ్బు లక్షణమే. కాని ఆ మాట అనంతగిరి టీ కొట్టు దగ్గర అరగంట అరగంటగా మాలో పెరిగినదని మాకు తెలియును. మా మిత్రుడు కొంతసేపు యూనమ్ నది వంక చూచెను. పిమ్మట, "సరే, అలాగే అనుకో. బండి దొరుకుతుందేమో చూసి వస్తాను" అని రోడ్డు మీదికి పోయెను.

రెండు గంటలు గాలిలో నిలిచి ఒక లారీని ఆపించెను. డ్రైవరు పంజాబీ. సైకిళ్ళు రెండును వెనుక ఖాళీ పీపాల నడుమ కట్టిరి. మమ్ము ముందు సీటులో పడుకొనబెట్టి, తాను కాళ్ళు ముడుచుకొని ప్రక్కన ఇరుకున కూర్చుండెను. బారాలాచాపై మాకు ఊపిరాడక లేచి కూర్చుంటిమి. అతడు మా మణికట్టు పట్టుకొని, గడియారము చూచుచు, నాడి లెక్కపెట్టుచుండెను. కనుమ దాటి దిగినకొలది, ఎవరో తలపైనుండి బరువు ఒక్కొక్క రాయిగా తీయుచున్నట్లయ్యెను. చీకటి పడునప్పటికి కేలాంగ్ చేరి, వైద్యునికి చూపించుకొంటిమి. ఊపిరితిత్తులలో నీరు లేదనియు, మూడు రాత్రులు అచ్చటనే ఉండి, పూర్తిగా నెమ్మదించిన తరువాత మాత్రమే మరల మెల్లగా ఎక్కవచ్చుననియు ఆయన చెప్పెను.

ఆ రాత్రి మా మిత్రుడు ఎక్కడనో బియ్యపు నూక సంపాదించి, హోటలువారి పొయ్యిమీద జావ కాచి తెచ్చెను. మేము పొద్దుటి మాటను గూర్చి చెప్పబోయితిమి. "ముందు జావ తాగు, చల్లారిపోతుంది" అనెను. తరువాతనైనను ఆ ప్రస్తావన అతడు రానీయలేదు. మూడు దినములు బజారులో తిరుగుచు, గొలుసులు తుడుచుకొనుచు గడిపితిమి. ఇంటికి ఫోను చేసి సెలవు పొడిగించుకొంటిమి. లారీ ఎక్కి నేరుగా సర్చుకు పోవచ్చునని ఒకరు సలహా ఇచ్చిరి. మా మిత్రుడు మా వంక చూచెను. జేబులోని కాగితము ఇమ్మని మేమే అడిగితిమి.

ఈ పర్యాయము ఆ కాగితము చెప్పినట్లు పోయితిమి. మొదటి రాత్రి జిస్పా, రెండవ రాత్రి పట్సియో, మూడవ రాత్రి జింగ్‌జింగ్‌బార్. మా మిత్రుడు ముందు, మేము వెనుక. అతని వేగము చూచి మొదట మా కాళ్ళు విసిగినవి. తరువాత తెలిసినది: అతడు మాటాడుచు ఎక్కగలిగినంత వేగముననే ఎక్కును; మాట తడబడినచో గేరు మార్చును. వాగులను తెల్లవారుజామున దాటించెను; మధ్యాహ్నమునకు మంచు కరిగి అవి మోకాళ్ళ లోతగును గదా. నాలుగవ దినము బారాలాచా రెండవసారి ఎక్కితిమి. సూరజ్ తాల్ చూచితిమి. దాని నీరు పచ్చయు కాదు, నీలమును కాదు, నెమలిమెడ రంగు. ఒక అంచున మంచు ఇంకను పలకలుగా నిలిచియుండెను. మేమిద్దరము ఆ ఒడ్డున కూర్చుండి బెల్లము, వేరుశనగపప్పు తింటిమి.

సర్చు దాటిన తరువాత గాటా మెలికలని 21 మలుపులు ఒకే కొండచరియపై అల్లుకొని ఎక్కును. అందొక మలుపులో నీటిసీసాలు కుప్పగా పడియుండును. పూర్వము ఒక లారీ అచ్చట చెడిపోగా, జబ్బుతోనున్న క్లీనరును విడిచి డ్రైవరు సహాయమునకై పోయెననియు, మంచు కురిసి దారి మూసుకొనగా ఆ క్లీనరు దప్పికతో మరణించెననియు, నాటినుండి ఆ దారిని పోవువారిని నీరడుగుచున్నాడనియు చెప్పుకొందురు. అది కథయే కావచ్చును. కాని జబ్బుపడిన తోటివానిని కొండమీద ఒంటరిగా విడువరాదని ఆ దారిని పోవువారికి చెప్పుటకు ఇంతకన్న మంచి కథ లేదు. మా మిత్రుడు తన సీసాలోని నీరు ఆ రాళ్ళపై పోసి, సీసాను మాత్రము తిరిగి సంచిలో పెట్టుకొనెను. మేము ఏమియు మాటాడలేకపోయితిమి.

పిదప లాచుంగ్ లా, పాంగ్, చాంగ్‌పా పశుపాలకులు పష్మీనా మేకలను మేపుకొను మోరే మైదానము గడిచి, పదునారవ దినమున తంగ్‌లంగ్ లా ఎక్కితిమి. పై మలుపులలో పది చుట్లు తొక్కుట, నిలిచి ఊపిరి తీసికొనుట, ఇట్లు సాగితిమి. మా మిత్రుడు ముందే పైకి చేరి, రంగు జెండాల ప్రక్కన గాలికి వీపు పెట్టి కూర్చుండెను. మేము చేరి, బండి వాల్చి, "ఎంతసేపయింది?" అని అడిగితిమి. "చూసుకోలేదు" అనెను. మరునాడు ఉప్షీ దగ్గర సింధునదిని చూచి, దాని వెంట సాయంకాలమునకు లేహ్ చేరితిమి.

నేడు సొరంగము వచ్చినందున మనాలిలో ఉదయము కారెక్కినవారు సాయంకాలమునకే సర్చు చేరగలుగుచున్నారు. దారి సులభమైనకొలది ఈ జబ్బుకు అవకాశము హెచ్చును. పోదలచినవారికి మేము మనవి చేయునది ఇంతే. తలనొప్పి వచ్చినచో దాచవలదు. అది తగ్గువరకు పైకి పోవలదు. హెచ్చినచో రాత్రియని చూడక క్రిందికి దిగుడు. మీ జట్టులో అందరికన్న మెల్లగా పోవువాని వేగమునే అందరి వేగముగా పెట్టుకొనుడు. "రా, పోదాం" అను స్నేహితులు ఎందరైనను దొరకుదురు. "ఆగు" అని చెప్పి, అందుకు మన చేత మాట పడి, అయినను లారీ వెదకుటకు రోడ్డు మీదికి పోవువాడు దొరకుట అరుదు. అట్టివాడు ఉన్నచో మాత్రమే ఆ కొండలకు పొండు.